మా ఇంట్లో ‘యెస్ మినిస్టర్’ డీవీడీల పెట్టె

లీడ్స్‌లో ఉంటున్న మా అమ్మాయి పోయిన సంక్రాంతికి వచ్చింది. తిరుగు ప్రయాణానికి సూట్‌కేసులో ఆవకాయ సీసాలకు చోటు చేస్తూ, అడుగు నుంచి ఒక డీవీడీల పెట్టె తీసి నా చేతిలో పెట్టింది. “నాన్నా, ఇందులో ఉన్నవాళ్ళందరూ మీ ఆఫీసు వాళ్ళే, చూడండి” అంది. నేను రాష్ట్ర ప్రభుత్వంలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి సెక్షన్ ఆఫీసరుగా దిగిపోయిన వాడిని. ఏ శాఖో చెప్పను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

డిస్కు ప్లేయరులో పెడితే ఆడలేదు. ప్రాంతం తేడా అని ఒక ముక్క తెర మీద చూపించి ఊరుకుంది. ఆరా తీస్తే, డీవీడీల కోసం భూగోళాన్ని పంచి నంబర్లు వేశారని తెలిసింది. అమెరికాది 1, ఇంగ్లాండుది 2, మనది 5. ఒక నంబరు డిస్కు ఇంకో నంబరు ప్లేయరులో ఆడదు. పాత లాప్‌టాప్‌లోని డ్రైవుకైతే నంబరు మార్చుకునే వీలుంది గానీ, దాని జన్మకు అయిదు సార్లే. అయిదోసారి ఎక్కడ ఆగితే అక్కడే తాళం పడుతుంది. సౌకర్యం కల్పించడం, దాన్ని ఎవరూ వాడుకోకుండా చూడడం, రెండూ ఒకే ఉత్తర్వులో ఇమిడ్చిన ఆ మహానుభావుడు ఎవరో గానీ, మా శాఖలో ఉండదగినవాడు. ఒకటో మార్పు చేసి కూర్చున్నాను.

బీబీసీ రెండో చానల్‌లో 1980 ఫిబ్రవరిలో మొదలైన ధారావాహిక ఇది. ‘యెస్ మినిస్టర్’ పేరుతో 1980, 81, 82లలో ఏడేసి భాగాలు, 1984 క్రిస్మస్‌కు గంట నిడివి ప్రత్యేక భాగం ఒకటి వచ్చాయి. ఆ గంటలో మంత్రిగారు ప్రధానమంత్రి అయ్యే దారి పడుతుంది కాబట్టి, 1986 నుంచి 1988 జనవరి దాకా ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ పేరుతో మరో పదహారు. వెరసి 38. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ కలిసి రాశారు. మొదటి భాగం 1979 ఎన్నికలకు ముందే తయారైనా, ఓటర్ల మీద ప్రభావం పడుతుందేమోనని ఎన్నికలయ్యే దాకా బీబీసీ దాన్ని అట్టే పెట్టింది. అంత జాగ్రత్త ఎందుకో అర్థం కాదు, మంత్రిది ఏ పార్టీయో 38 భాగాలు వెతికినా దొరకదు.

మనుషులు ముగ్గురే. జిమ్ హ్యాకర్ అనే మంత్రి, ఆ వేషం పాల్ ఎడింగ్టన్‌ది. పరిపాలనా వ్యవహారాల శాఖ అని లోకంలో లేని శాఖ ఒకటి ఆయనకు ఇస్తారు. ఆ శాఖ శాశ్వత కార్యదర్శి సర్ హంఫ్రీ ఆపిల్‌బీ, నైజెల్ హాథార్న్. ఇద్దరి మధ్యా మంత్రిగారి పేషీలో ప్రైవేటు సెక్రటరీ బెర్నార్డ్ వులీ, డెరెక్ ఫౌల్డ్స్. బెర్నార్డ్ పనిచేసేది మంత్రికి, ప్రమోషన్ ఇవ్వవలసింది హంఫ్రీ. పేషీల్లో పనిచేసినవాళ్ళకు ఈ ఒక్క వాక్యం చాలు, కథ అంతా అర్థమైపోతుంది. ఇలాంటి కుర్రవాడిని నేను నలుగురైదుగురు మంత్రుల హయాంలో చూశాను. మంత్రిగారు ఏదైనా అంటే తల ఊపి, కార్యదర్శిగారు దానికి వ్యతిరేకంగా అంటే అదే కోణంలో అంతే తల ఊపేవాడు.

రచయితలు ఊహించి రాసిన సరుకు కాదిది. హెరాల్డ్ విల్సన్ ప్రధానిగా ఉన్నప్పుడు ఆయన కార్యాలయంలో పనిచేసినవాళ్ళు లోపలి సంగతులు చెప్పారు. 1960లలో మంత్రిగా చేసిన రిచర్డ్ క్రాస్‌మన్ డైరీలు కూడా వాళ్ళకు ముడిసరుకే. అందుకే ఇందులో దౌర్జన్యం, లంచాల సంచీలు, ఫోను విసిరికొట్టడాలు ఉండవు. గొంతు పెంచేవాడే తక్కువ. ఒక కాగితాన్ని ఇంకో కాగితం కింద పెట్టడంలోనే అంతా జరుగుతుంది.

ఒకచోట బెర్నార్డ్ మంత్రికి ప్రభుత్వ భాష నేర్పుతాడు. ‘పరిశీలనలో ఉంది’ అంటే ఫైలు పోయిందని, ‘చురుకైన పరిశీలనలో ఉంది’ అంటే పోయిన ఫైలును వెతుకుతున్నామని. మా ఆవిడ నావైపు తిరిగి, “ఏమండీ, మీరు ఎన్నిసార్లు రాసి ఉంటారు ఆ మాట?” అంది. లెక్క చెప్పలేను. మా రబ్బరు స్టాంపుల డబ్బాలో ఆ వాక్యానికి విడిగా ఒక స్టాంపు ఉండేది, ఏడాదికోసారి అరిగిపోయేది.

అన్ని భాగాల గురించీ రాయను. రెండు మూడు చెప్తాను, మిగతావి చూసుకోండి.

మొదటి వరసలో నాలుగో భాగం, కంప్యూటర్ గురించి. దేశంలోని పౌరులందరి వివరాలనూ ఒకచోట చేర్చే వ్యవస్థ సిద్ధమవుతుంటుంది. ఆ వివరాలు ఎవరు పడితే వాళ్ళు చూడకుండా రక్షణలు పెట్టాలని హ్యాకర్ పట్టుబడతాడు. హంఫ్రీ కాదనడు. కాదనే అధికారి చేతకాని అధికారి. “తప్పకుండా మంత్రివర్యా” అంటూనే నెలలు గడుపుతాడు. చివరికి హ్యాకర్ తనకు ముందు ఇదే కుర్చీలో కూర్చుని, ఇప్పుడు ప్రతిపక్షంలో ఉన్నాయన దగ్గరికి వెళ్తాడు. ఆయన ఈ విద్యలోని అయిదు మెట్లూ విప్పి చెప్తాడు. ప్రభుత్వం కొత్తది కదా, ముందు చూడవలసిన పనులు చాలా ఉన్నాయంటారు. కొన్నాళ్ళకు, ఉద్దేశం మంచిదే గానీ మార్గం ఇదేనా అంటారు. ఆ తరువాత, మార్గం సరే, ఇది సమయమేనా అంటారు. నాలుగోది సాంకేతికమైన, న్యాయపరమైన, రాజకీయమైన చిక్కులు. అయిదో మెట్టుకు ఎన్నికలు వచ్చేస్తాయి. వింటూ నేను వేళ్ళు మడుస్తున్నాను. మా దగ్గర ఆరో మెట్టు కూడా ఉండేది, వేరే శాఖ అభిప్రాయానికి పంపడం. ఫైలు నిద్రపోవడానికి అంతకన్నా మెత్తని పరుపు లేదు. ఆ పాత మంత్రి, హ్యాకర్ ఇద్దరూ బద్ధవిరోధి పార్టీల వాళ్ళు. అధికారుల విషయం వచ్చేసరికి కష్టం కలబోసుకున్న తోడికోడళ్ళలా కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ సన్నివేశాన్ని నేను మూడుసార్లు వెనక్కి తిప్పాను.

ఆ భాగం ప్రసారమైన నాలుగేళ్ళకు, 1984లో, బ్రిటన్‌లో సమాచార రక్షణ చట్టం వచ్చింది. మన దేశంలో మొదటి ఆధార్ సంఖ్య ఇచ్చింది 2010 సెప్టెంబరులో. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది 2017లో. వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసుకున్నది 2023లో. ఏ మెట్టు మీద ఎంతసేపు కూర్చున్నామో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

కంప్యూటర్ అనగానే మా సెక్షన్ సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మాకు మొదటి కంప్యూటర్ వచ్చింది 1998లో. దానికి ప్లాస్టిక్ ముసుగు, తలుపుకు తాళం, తాళం చెవికి రిజిస్టరు. ఆ దసరాకు ఆయుధపూజ చేశాం. టైపు మిషన్లకు ఎప్పుడూ చేసేదే కదా, కొత్తదాన్ని వదిలేస్తే బాగుండదని అటెండరు తెరకు గంధం, కీబోర్డుకు కుంకుమ దండిగా పెట్టాడు. పైన నిమ్మకాయ కూడా. పండగ సెలవులు అయ్యాక చూస్తే ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరం పడటం లేదు. ప్రభుత్వ లేఖ ‘సర్’ అన్న మాటతో మొదలవాలి, ఆ మాట మొదలయ్యేదే ఆ అక్షరంతో. మూడు నెలలపాటు ప్రతి లేఖనూ కంప్యూటర్‌లో కొట్టి, అచ్చు తీసి, ఖాళీలున్న చోటల్లా నల్ల సిరా పెన్నుతో ‘ఎస్’ దిద్దాం. కొత్త కీబోర్డుకు ఇండెంటు పెడితే, అది యంత్రంలో భాగమా, స్టేషనరీయా అని ప్రశ్న వేసి వెనక్కి పంపారు. జవాబు రాయడానికి కూర్చుంటే అందులోనూ బోలెడన్ని ‘ఎస్’లు.

ఈ ధారావాహికకు పనిచేసినవాళ్ళు మా సెక్షన్‌లో ఒక్కరోజు కూర్చున్నా ఇంకో వరస రాసుకునేవాళ్ళు.

మతం మీద భాగం ప్రధానమంత్రి వరసలో, 1986లో వచ్చింది. ఇది అర్థం కావడానికి కాస్త నేపథ్యం కావాలి. ఇంగ్లాండ్ చర్చికి రాజో రాణో అధిపతి. బిషప్పును నియమించేది పేరుకు వాళ్ళే అయినా సలహా ఇవ్వవలసింది ప్రధాని. చర్చి వాళ్ళు రెండు పేర్లు పంపితే ప్రధాని ఒకటి ఎంచేవాడు. 2007లో గోర్డన్ బ్రౌన్, ఒక్క పేరే పంపండి, ఎంపిక నాకెందుకు అనే దాకా ఇదే పద్ధతి. దేవుడి పనికి మనిషిని ప్రధానమంత్రి ఎంచడమేమిటని మా ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. దేవాదాయ శాఖ ఉన్న రాష్ట్రంలో పుట్టి పెరిగి ఆవిడకు ఈ ఆశ్చర్యం ఎలా వచ్చిందో నాకు తెలియదు.

హ్యాకర్ ముందుకు వచ్చిన రెండు పేర్లలో ఒకాయన ‘ఆధునికుడు’. అంటే ఏమిటని ప్రధాని అడిగితే, దేవుణ్ణి నమ్మడం మానేసిన పూజారిని చర్చిలో అలా పిలుస్తారని తేలుతుంది. రెండో ఆయనకు చర్చిని ప్రభుత్వం నుంచి విడదీయాలని ఉంటుంది. దేవుణ్ణి నమ్మనివాడు పరవాలేదు గానీ, రాణిగారి నుంచి చర్చిని విడదీసేవాడు ఎలా కుదురుతాడు? మరి దేవుడి మాటేమిటని హ్యాకర్ అడుగుతాడు. కొత్త కారుకు సీటు కవర్లు వేయించుకోవడం కొనేవాడి ఇష్టం అన్నట్టు, దేవుడు అదనపు సదుపాయమని హంఫ్రీ జవాబిస్తాడు. హాథార్న్ ఆ మాట అన్నాక ముఖంలో ఒక్క గీత కదలదు. మేమిద్దరం మాత్రం కాఫీ ఒలకబోసుకున్నాం.

దీనికి సమాంతరంగా, విస్కీ సీసాతో పట్టుబడి ఒక అరబ్బు రాజ్యంలో జైలు పాలైన బ్రిటిష్ నర్సు కథ నడుస్తుంది. హంఫ్రీకి ఒక కాలేజీ మాస్టర్ పదవి మీద, అంటే ఆ కాలేజీకి పెద్ద అయ్యే కుర్చీ మీద కన్ను. అక్కడ డీన్‌గా ఉన్న పూజారికి హంఫ్రీ అంటే పడదు. ఆ డీన్‌కు క్రైస్తవం కన్నా ఇస్లాం మీద ఆసక్తి ఎక్కువ. డీన్‌ను ఆ రాజ్యానికి పంపిస్తే నర్సు విడుదలవుతుంది, విడిపించినవాడు పత్రికల్లో మహాత్ముడవుతాడు, మహాత్ముణ్ణి బిషప్పును చేయవచ్చు, బిషప్పు అయితే కాలేజీ ఖాళీ అవుతుంది. ఒక్క బదిలీతో నాలుగు పనులు! బదిలీల సెక్షన్‌లో పనిచేసిన రోజులు గుర్తొచ్చి చేతులు జోడించాను. ఇందులో దుర్మార్గం ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేం. నర్సు నిజంగానే ఇంటికి చేరింది మరి.

అదే ఊహా రాజ్యం కుమ్రాన్, అంతకు ముందు 1982లో వచ్చిన భాగంలోనూ ఉంది. అక్కడ విందులో మందు నిషేధం. పక్క గదిలో ‘అత్యవసర సమాచార కేంద్రం’ ఏర్పాటు చేసి అందులో సీసాలు దాచుతారు. ఇక విందు మధ్యలో మంత్రిగారికి మిస్టర్ హేగ్ నుంచి, స్కాచ్ కార్యాలయం మిస్టర్ వాకర్ నుంచి, సోవియట్ రాయబార కార్యాలయం మిస్టర్ స్మిర్నాఫ్ నుంచి ఫోన్లు మీద ఫోన్లు. వ్యాట్ పన్ను అధికారి 69 లెక్కల గురించి పిలుస్తున్నాడని కూడా ఒక కబురు వస్తుంది. పాత సినిమాల్లో విలన్ బల్ల మీద ఎప్పుడూ కనిపించే ఆ సీసా పేరు తెలిసిన తెలుగు ప్రేక్షకుడికి దీనికి ఉపశీర్షిక అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. 1981 వరసలో ఒక ఆసుపత్రి వస్తుంది. కొత్త భవనం, అయిదు వందల మంది పరిపాలన, సహాయక సిబ్బంది, పదిహేను నెలలుగా ఒక్క రోగి కూడా లేడు. పరిశుభ్రతకు బహుమతి కూడా కొట్టింది. అక్కడి అధికారిణి, రోగులు ఎప్పుడొచ్చినా అన్నీ సిద్ధంగా ఉండాలి కదా అని మంత్రికి ఓపికగా నచ్చజెప్తుంది. నవ్వుతూ నవ్వుతూ నేను ఒక్కసారి ఆగాను. ఆవిడ వాదన నాకు సబబుగా తోచింది! అప్పటికి ఎనిమిది భాగాలు చూశాం. మా ఆవిడ మొదటి నుంచీ హ్యాకర్ పక్షం. నేను ఏ పక్షమో ఆ రోజు తెలిసింది.

హ్యాకర్‌కు కావలసింది రేపటి పత్రికలో పేరు. హంఫ్రీకి కావలసింది ఎల్లుండి కూడా ఫైలు ఉండడం. నా అనుభవం చెప్తాను. ఒకసారి ఒక పెద్దాయన నోటి మాటగా, కాగితం మీద ఏమీ పెట్టకుండా, ఒక చెరువు భూమి విషయం తేల్చమన్నారు. ఏడు నెలలు నేను ‘వివరాలు తెప్పిస్తూ’ ఉన్నాను. తహసీలు నుంచి ఒకటి వస్తే ఇంకొకటి అడిగాను, సర్వే పటం మసకగా ఉందని తిప్పి పంపాను. ఈలోగా పెద్దాయన మారారు. ఆ చెరువు ఇంకా చెరువుగానే ఉంది, బస్సులో వెళ్ళినప్పుడల్లా కిటికీ పక్కన కూర్చుంటాను. అదే ఏడు నెలల విద్యను ఒక వితంతువు పెన్షన్ ఫైలు మీద కూడా ప్రయోగించాను. ఆవిడ ప్రతి సోమవారం వచ్చి వరండాలో కూర్చునేది.

ఈ ధారావాహిక ఈ రెండు ఫైళ్ళూ ఒకే చేతివని తెలిసి రాసింది. మిగతా రాజకీయ హాస్యాల మీద నాకు అంతగా గౌరవం లేకపోవడానికి కారణం ఇదే, వాటిలో అధికారి ఎప్పుడూ వెధవే. హంఫ్రీ చాలాసార్లు ఒప్పు. అతను ఒప్పయిన రోజున ఎక్కువ భయం వేస్తుంది.

నటన గురించి చెప్పాలంటే హాథార్న్ వాక్యాల గురించి చెప్పాలి. ఒక్కొక్కటి నాలుగైదు లైన్లు, మధ్యలో ఊపిరి ఉండదు, చివరి క్రియాపదం వచ్చేసరికి మొదట ఏమన్నాడో మంత్రి మరిచిపోతాడు. ఈ వేషానికి ఆయనకు నాలుగుసార్లు బాఫ్టా బహుమతి వచ్చింది. పెట్టెలోని ఇంగ్లీషు ఉపశీర్షికలు తప్పక పెట్టుకోండి, లేకపోతే సగం పోతుంది. అయితే నాకు ఎడింగ్టన్ ఇంకా ఇష్టం. ఏమీ అర్థం కాక, అర్థమైనట్టు కళ్ళు పెట్టి, నెమ్మదిగా అర్థమయ్యాక బెదిరిపోయే ఆ ముఖం ఎక్కడ నేర్చుకున్నాడో!

ఇందులోనూ లోపాలున్నాయి. స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకుల నవ్వులు వినపడుతూనే ఉంటాయి, ఒక్కోసారి మనం నవ్వకముందే వాళ్ళు మొదలుపెడతారు. నాలుగు గదులు, ఒక వరండాలోనే బండి నడుస్తుంది, పార్లమెంటు కోసం చూస్తే నిరాశే. ఆడవాళ్ళు మరీ తక్కువ. మంత్రి భార్య ఆనీకి తెలివి ఉంది, సన్నివేశాలు లేవు. అరబ్బులను చూపించిన తీరు ఇప్పుడు ఇబ్బందిగా ఉంటుంది. ప్రధాని వరస రెండో సగంలో కిటుకు ముందే పట్టేస్తాం. వరసగా చూడకండి, రోజుకొకటి చాలు. మేము మొదట్లో మూడేసి చూసి, మర్నాడు ఇంట్లో పాలవాడితో కూడా ‘తగిన సమయంలో’ అని మాట్లాడటం మొదలుపెట్టాం.

హిందీలో దీన్ని 2001లో స్టార్ ప్లస్ ‘జీ మంత్రీజీ’ పేరుతో తీసింది. ఫారూఖ్ షేక్ మంత్రి, జయంత్ కృపలానీ కార్యదర్శి. ఇద్దరూ బాగా చేశారు, ముఖ్యంగా కృపలానీ. 2013లో ఇంగ్లాండులోనే కొత్త నటులతో మళ్ళీ తీసిన ఆరు భాగాలు మాత్రం నాకు నచ్చలేదు. అందులో అందరూ హడావిడిగా ఉన్నారు. హడావిడి పడే హంఫ్రీ హంఫ్రీ ఎలా అవుతాడు?

అప్పటి బ్రిటన్ ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌కు ఇది మహా ఇష్టమట. 1984 జనవరిలో ఒక బహుమతి సభలో ఎడింగ్టన్, హాథార్న్‌లతో కలిసి తానే ఒక చిన్న నాటిక ఆడింది. వెక్కిరించినవాడికి శాలువా కప్పి పక్కన ఫొటో దిగే విద్య మన నాయకులకే తెలుసనుకునేవాణ్ణి.

అయిదుకు నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర మార్కు నవ్వుల మోతకు కోత. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు చూస్తే ఇబ్బంది పడతారు, దిగిపోయినవాళ్ళు చూస్తే ఎక్కువ ఇబ్బంది పడతారు. కొనేవాళ్ళు ముందు ప్లేయరు నంబరు చూసుకోండి. మా ఇంట్లో వేసవి సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మనవడు తన బొమ్మల సినిమా కోసం రెండో మార్పు చేశాడు. నా పెట్టె కోసం నేను మూడోది చేసుకున్నాను. వాడు ఆ డిస్కు ఇక్కడే వదిలి వెళ్ళాడు. దాన్ని ఒకసారి చూద్దామని మా ఆవిడ వారం రోజులుగా అడుగుతోంది. అది పెట్టడానికి నాలుగోది, తిరిగి నావి చూడటానికి అయిదోది, ఆపైన తాళమే. నిన్న రాత్రి మళ్ళీ అడిగితే, పరిశీలనలో ఉందని చెప్పాను.

“ఫైలు పోయిందా, వెతుకుతున్నారా?” అంది.